కొత్త బూట్లు మెత్తబరిచినవాడు

మా ఆయన పేరు జేరే. ఆయనదీ, చిషాలదీ ఒకే పాదం కొలత. అదే ఆయనకు శని అయింది.

ముఫులీరా రాగి గని ఫుట్‌బాల్ జట్టులో గోల్స్ కొట్టేవాడు చిషాల. మా ఆయన బదులు ఆటగాడు. చిషాల దెబ్బ తగిలి పడితే దిగాలి. ఎన్నేళ్లయినా చిషాల పడలేదు. జట్టుకు కొత్త బూట్లు వస్తే మాత్రం మా ఆయనే ముందు తొడుక్కుని తిరగాలి, తోలు మెత్తబడ్డాక అతనికి ఇవ్వాలి. బొబ్బలకు నూనె రాసేదాన్ని నేను. చిషాల గోల్ కొట్టాడని రేడియో చెప్పినప్పుడల్లా ఆయన తన మడమలు చూసుకునేవాడు. ఆట ముగిసి సోమవారం వస్తే చిషాలకు గని సామాను కొట్టులో కుర్చీ పని, ఈయనకు గనిలోకి దిగుడు.

మేము న్గోనీలం, అతను బెంబా. రెండు తెగలకూ బావల వరస; ఎంత మాటన్నా కోపం రాకూడదు.

"ఏం బావా, ఇవాళ నా కాళ్లతో ఎన్ని కొట్టావు?" అనేవాడు మా ఆయన.

"రెండు. బూట్లలో నీ కంపు లేకుంటే మూడోదీ పడేది, ఎలుకలు తినే బావా."

"కోతులు తినే ముక్కుకు కంపు కూడా తెలుస్తుందా?"

బజారంతా నవ్వేది. ఇంటికొచ్చాక ఆయన మొక్కజొన్న పిండి న్షీమా ముద్ద వేళ్లతో నొక్కుతూ, తినకుండా కూర్చునేవాడు. ఆయన అన్నది వేళాకోళం కాదని నా ఒక్కదానికే తెలుసు.

కప్పు చివరి ఆటలో మా వాళ్లకు మూడు గోల్స్ ఆధిక్యం. ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా చిషాల బదులు దిగమని కోచ్ మా ఆయన్ని లేపాడు. ఆయన మైదానం గీత దగ్గర నిలబడ్డాడు. చిషాలను తీయొద్దని జనం ఒకటే కేకలు. నా పక్కన అరిచినవాళ్లలో మా తమ్ముడూ ఉన్నాడు. కోచ్ చెయ్యి ఊపి ఆయన్ని కూర్చోబెట్టాడు. అంతే, మళ్లీ ఎప్పుడూ లేపలేదు.

ఇద్దరూ ముసలివాళ్లయ్యాక, మొన్న చలికాలంలో చిషాల పోయాడు. మాలో చావు దగ్గర వేళాకోళం చేయాల్సింది బావల వరసవాళ్లే. అందరూ మా ఆయన వైపు చూశారు. పెట్టె దించబోతుంటే ఆయన ముసలి కాళ్లతో గోతిలోకి దిగి, వెల్లకిలా పడుకున్నాడు.

"లేవయ్యా ఎలుకల బావా, మీవాడు ఎదురుచూస్తున్నాడు" అంది చిషాల భార్య.

"ఉండమ్మా. కొత్తది, గట్టిగా ఉంది. నాకంటే ముందు వాడెప్పుడైనా కొత్తది తొడుక్కున్నాడా? మెత్తబడనీ."

అందరూ నవ్వారు. ఆమె కూడా ఏడుస్తూనే నవ్వింది. ఇద్దరు కుర్రాళ్లు చేతులు పట్టి లాగినా ఆయన లేవలేదు. కళ్లు మూసుకుని అలాగే ఉన్నాడు. నేను గట్టు మీద కూర్చుని వంగాను.

"ఇక రండి. ఈసారి మీరే ముందు దిగారుగా."

అప్పుడు లేచాడు.