తలకిందులైన ‘పై’ కోసం హాయిల్ దాకా

అరవై ఎనిమిదేళ్ల మనిషి మోకాళ్లకి పట్టీలు బిగించుకుని, ఒక గ్రహాంతర నౌక తలుపు చూడటానికి సౌదీలోని హాయిల్ దాకా ఎందుకు వెళ్లిందని మీరు అడగవచ్చు. మా అల్లుడు అడగలేదు. సంగతి ఇది. త్వరలో రాబోయే ఒక ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్ సినిమా టీజర్ కొన్నాళ్లుగా నా ప్రాణం తోడేస్తోంది. పేరు రాయను. రాస్తే మా అభిమానుల గ్రూపంతా ఇక్కడికొచ్చి కొట్టుకుంటుంది. టీజర్‌లో ఇసుకలో సగం కూరుకుపోయిన ఓడ ఒకటుంటుంది. కథానాయిక దాని తలుపు మీద చెయ్యి వేయగానే ఒక మూల ఏదో గుర్తు కనబడుతుంది. అది కొమ్ములున్న పక్షి అని ఒకడు, నక్షత్రాల పటమని ఇంకొకడు పేజీలకు పేజీలు రాశారు. నేను ఫోన్ తలకిందులు చేసి చూశాను. అచ్చమైన తెలుగు: ‘పై’.

జీవితమంతా కాలేజీలో లెక్కలు చెప్పినదాన్ని. ‘పై’ కనబడితే నాకు గుర్తొచ్చేది వృత్తమే గాని వేరొకటి కాదు. పైగా ఆ తలుపు మీది దీపం మూడుసార్లు, ఒకసారి, నాలుగుసార్లు వెలిగింది. 3.14! ఇంకేం కావాలి? ఆ ఓడ వాళ్లు గణితంతో మనల్ని పలకరిస్తున్నారని, వాళ్ల లిపి తెలుగుకి చుట్టమని గ్రూపులో ప్రకటించాను. నవ్వే బొమ్మలు వందల్లో వచ్చాయి. రియాద్‌లో మా అమ్మాయి ఇంట్లో నా పక్క మంచం మీద పడుకునే మనవరాలు మైత్రి కూడా ఒకటి పెట్టింది. అక్కడే పందెం పుట్టింది. నా మాట నిజమైతే అది గ్రూపులో అందరి ముందూ నాకు క్షమాపణ చెప్పాలి. కాకపోతే సినిమా మొదటి ఆట నేను నోరు విప్పకుండా చూడాలి. నన్నెరిగినవాళ్లకి ఇది ఎంత పెద్ద శిక్షో తెలుస్తుంది.

ఎవరో పెట్టిన షూటింగ్ ఫోటోలోని కొండల వరుసను మ్యాపుతో పోల్చి, అది హాయిల్ నుంచి జుబ్బా అనే ఊరికి పోయే దారి అని మైత్రి తేల్చింది. రియాద్ నుంచి హాయిల్‌కి రైలుంది. నాలుగు గంటలు దాటుతుంది, సీట్లు మెత్తన, కాఫీ మాత్రం కషాయం. టికెట్ ముందుగా కొంటే చవక. మేము వెళ్లింది డిసెంబర్ కాబట్టి స్టేషన్ బయట గాలి చెవులు కోసేసింది. పేరులో హాయి ఉంది గదా అని శాలువా మానేయకండి.

హోటల్‌వాళ్లు రోజంతటికీ మూడు వందల యాభై రియాళ్లకి కారు మాట్లాడి పెట్టారు. డ్రైవర్ బాషా, కడప మనిషి. నా తెలుగు వినగానే సీటు సర్దాడు.

“యాడికి పోవాల్నమ్మా?”

“సినిమా ఓడ దగ్గరికి.”

“ఆ రేకుల డబ్బా దగ్గరికా! వారానికోసారి ఆడికి నీళ్ల క్యాన్లు నేనే వేస్తాండా. చూసేదానికి ఏముందమ్మా ఆడ?”

“గ్రహాంతరవాసులు,” అంది మైత్రి.

“ఒక్క రాజేశమే ఉండాడు. జగిత్యాలోడు. వాడు వంట చేస్తే మాత్రం ఈ గ్రహం కాదనిపిస్తాది.”

ఊరు దాటాక గంటసేపు ఎర్రటి ఇసుక, మధ్యలో నల్లటి రాతి గుట్టలు. సగం దారిలో కబ్సా, అంటే అరబ్బుల మాంసం పులావు, తిన్నాం. ఒక పళ్లెం ముగ్గురికి మిగిలింది. తారు రోడ్డు వదిలాక ఫోర్ వీల్ బండి లేనిదే ముందుకు పోలేరు, ఇది రాసిపెట్టుకోండి.

ఓడ సగం విప్పేసి ఉంది. పక్కనే కేబిన్ ముందు కూర్చుని మేకులు ఏరుతున్న నలభై ఏళ్ల మనిషి బాషాను చూసి లేచాడు. షూటింగ్ అయిపోయాక చెక్కంతా ఊడదీసి లారీలకెక్కించే పని అతనిదట. అనుమతి అడిగితే, “మా కఫీల్, గదే మా సేఠు, రేపటిదాంక రాడు. జల్ది సూడుండ్రి, మేకులు తొక్కకుండ్రి,” అన్నాడు. సెట్టు కట్టిన వడ్రంగుల్లో తనే మొనగాడినని కూడా అడక్కుండానే చెప్పాడు.

తలుపు అక్కడే ఆనించి ఉంది. మూలన నల్లరంగుతో ‘పై’. నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో మా డాక్టరుకి చెప్పకండి.

“చూశావా!” అన్నాను మైత్రితో. “తెలుగా, కాదా?”

“ఎందుకు గాదమ్మా? నేనే రాసిన,” అన్నాడు రాజేశం. “ఏ దిక్కు పైకుండాల్నో యాదికుండాలె గదా. పై. గంతే.”

మైత్రి ఇసుకలో కూలబడి నవ్వింది. ఆకాశం కేసి చూసి నేను వృత్తమనుకున్నది, తలుపు ఏ వైపు నిలబెట్టాలో చెప్పే గుర్తు. తెలుగువాళ్లు, అందులోనూ లెక్కల మేడమ్‌లు తప్ప ఇంకెవరూ ఇలా పప్పులో కాలెయ్యలేరు.

“మరి దీపం? మూడు, ఒకటి, నాలుగు?”

“జనరేటర్ వైరు లూజున్నదమ్మా.”

ఇంతకీ రాజేశం టీజర్ చూడనే లేదు. నా ఫోన్‌లో పెట్టి ఇచ్చాను. తలుపు రాగానే అతని నోరు తెరుచుకుంది. “గిది నా రాతనే! దునియా అంతా సూత్తాండ్రా?” అన్నాడు. మరుక్షణం మొహం మారింది. “ఉల్టా ఉన్నది! అవు, అవు. నేను సీదానే నిలవెట్టిన. డిజైన్ మేడం ఒచ్చి, ఓడ కూలిపోయినట్టుండాలె అని మొత్తం తిప్పిచ్చింది. అక్షరం మీద రంగెయ్యనా అంటే మంచిగున్నది, ఉండనీ అన్నది.”

వెంటనే వాళ్లావిడకి వీడియో కాల్ చేశాడు. “ఓయ్, నా రాత సినిమాల వడ్డది!” ఆవిడ అటునుంచి, “ఇంటికి మాత్రం ఒక ఉత్తరం రాయకపోతివి,” అంది. మేము నలుగురం కడుపు పట్టుకుని నవ్వాం.

నాకు మాత్రం ఒళ్లు ఝల్లుమంది. ఓడ తలకిందులుగా ఉందంటే అది దిగలేదు, కూలింది! లోపల నడిచేవాళ్లు కప్పు మీద నడుస్తారు! గ్రూపులో ఒక్కడికీ ఈ సంగతి తెలియదు.

తిరుగు ప్రయాణంలో పందెం తేల్చుకోవడానికి కూర్చున్నాం. అక్షరం తెలుగే, కనుక సగం నాది. వృత్తం కాదు, కనుక సగం దానిది. బాషాను మధ్యవర్తిగా పెట్టాం. మైత్రి సగం క్షమాపణ అక్కడికక్కడే గ్రూపులో పెట్టేసింది. బదులుగా నేను ఇంటర్వెల్ దాకా మౌనం, ఆ తర్వాత నా ఇష్టం అని ఒప్పుకున్నాను. చేతిలో చెయ్యి కూడా వేశాను.

బాషా అద్దంలోంచి నా వైపు జాలిగా చూశాడు. “ఈడ ఇంగ్లీషు సినిమాలకు ఇంటర్వెల్ యాడుంటాదమ్మా? మొదలుపెడితే అయిపోయేదాకా ఒకటే ఆట.”

మైత్రి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

“నీకు ముందే తెలుసా?”

“నువ్వు అడగలేదు అమ్మమ్మా.”

ఓడిపోయినందుకు బాధ ఉందా అంటే లేదు. నా సిద్ధాంతం ఒక మధ్యాహ్నం చచ్చిపోయి, అంతకంటే మంచిది ఇంకొకటి పుట్టింది. సినిమా తెర మీదికొచ్చేదాకా అందులో ఏముందో ఊహించే హక్కు అందరిదీ. వచ్చాక టికెట్ కొన్నవాళ్లందరికీ ఒకే కథ. అంచేత ఈ ఎదురుచూపుల కాలాన్ని నేను తీరిగ్గా, చప్పరించి అనుభవిస్తున్నాను. మొదటి ఆట రోజు తెర మీద రాజేశం చేతిరాత కనబడినప్పుడు పక్కవాళ్లకి చెప్పకుండా ఎలా ఉంటానో ఆ దేవుడికే తెలియాలి. మీకు నేనిచ్చే సలహా ఒకటే: సౌదీలో సినిమాకి వెళ్లేముందు, ముఖ్యంగా దాని మీద పందెం కట్టేముందు, ఇంటర్వెల్ ఉందో లేదో కౌంటర్లో కనుక్కోండి.