వంక లేని కత్తి

ఆ వీధిలో పుస్తకాలు బైండింగ్ చేసే పెద్దాయనను అందరూ నూరుడు తాత అంటారు. పేరు పెట్టినవాళ్ళ తప్పేమీ లేదు. ఆయన అట్టకు వేసే తోలు మీద నాలుగు చెక్కులు చెక్కుతాడు, ఆగుతాడు, కత్తిని రాతి మీద నూరుకుంటాడు. మళ్ళీ నాలుగు చెక్కులు, మళ్ళీ నూరుడు. నూరుతున్నంతసేపూ ఏదో గొణుగుతాడు. "పనికన్నా నూరుడే ఎక్కువైంది. అది పారేసి కొత్తది కొనుక్కోకూడదా తాతా?" అని పక్క కొట్లో బట్టలు కుట్టే ఆవిడ రోజుకోసారైనా అంటుంది. "చూద్దాంలే అమ్మా" అంటాడు. ఏళ్ళు గడిచాయి, చూసింది లేదు.

ఆ కత్తి చేసింది ఆయన స్నేహితుడైన కమ్మరి. రెండు వీధుల అవతల ఆయన కొలిమి ఉండేది. చుట్టరికం ఆవగింజంత కూడా లేదు గాని ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్ళు. బావలన్నాక వేళాకోళం లేకుండా ఎలా? కమ్మరి కొత్త కత్తి చేస్తే ముందు బైండరుకు చూపించాలి, బైండరు దానికో వంక పెట్టాలి. "కత్తి చెయ్యమంటే గడ్డపార చేశావేంటి బావా?" బైండరు కుట్టిన పుస్తకం కమ్మరి చేతిలో పడితే దానికీ అదే గతి. "ఇది చదువుకోవడానికా, తలకింద పెట్టుకోవడానికా?" అనేవాడు. నవ్వుకునేవాళ్ళు, తిట్టుకునేవాళ్ళు. ఆ తర్వాత ఎవరి తప్పు వాళ్ళు గుట్టుగా సరిచేసుకుని మర్నాడు మళ్ళీ తెచ్చి చూపించేవాళ్ళు. నలభై ఏళ్ళు అలాగే నడిచింది. వాళ్ళ చేతిపనికి అంత పేరు రావడానికి ఆ వంకలే కారణమని ఇద్దరికీ తెలుసు, పైకి అనలేదంతే.

కమ్మరి కళ్ళకు పొర కమ్మిందని ముందు కనిపెట్టింది బైండరే. ఒక సాయంత్రం కొలిమి దగ్గర కమ్మరి టీ పోస్తూ, గ్లాసులో కాకుండా పక్కన నేల మీద పోశాడు. "చెయ్యి వణికింది" అని సర్దుకున్నాడు. ఇంకో రోజైతే ఆ ఒక్కదాన్నీ పట్టుకుని బైండరు వారం రోజులు ఏడిపించేవాడు. ఆ రోజు మాత్రం కింద పడ్డ టీని కాలితో మట్టి జరిపి కప్పేశాడు.

కమ్మరికి కళ్ళు పోతే పని పోయినట్టే. ఎర్రగా కాల్చిన ఉక్కును నూనెలో ముంచి గట్టిపరిచాక, సన్నని సెగ మీద మళ్ళీ వేడి చేస్తారు. అప్పుడు దాని ఒంటి మీద రంగులు నడుస్తాయి. ముందు ఎండుగడ్డి రంగు, ఆ వెనక ఇటుక రంగు, ఆఖరున నీలం. గడ్డి రంగు కనపడగానే నీళ్ళలో పెట్టేయాలి. నీలం దాకా పోనిస్తే కత్తి మెత్తబడిపోతుంది. ఆ లెక్క అంతా కంటిదే, దానికి వేరే కొలత లేదు.

బైండరు పాత కత్తి అరిగి అరిగి చిటికెన వేలంత అయింది. అది చూసి కమ్మరి అడక్కుండానే కొత్తది చేసి, పాత పేపర్లో చుట్టి తెచ్చాడు. బైండరు తోలు ముక్క తీసి అంచు చెక్కాడు. మూడో చెక్కుకే పదును మడత పడింది. వేలితో తడిమి చూస్తే తెలిసిపోయింది.

"ఊఁ, చెప్పు. ఏం వంక పెడతావో పెట్టు" అన్నాడు కమ్మరి, చేతులు కట్టుకుని నవ్వుతూ. ఆయన చూపు బైండరు మొహానికి కాస్త పక్కగా నిలిచి ఉంది.

బైండరు కత్తిని మెల్లగా బల్ల మీద పెట్టాడు. "ఏ వంకా లేదు బావా. బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు.

జాలితో అన్న మాటే, కాదనలేం. కానీ ఆ జాలి పెద్ద ద్రోహమైంది. కమ్మరి చిన్నపిల్లాడిలా పొంగిపోయాడు. మా బావ చేత వంక లేదనిపించుకున్నాను అని వీధంతా చాటుకున్నాడు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళమని పోరుతున్న భార్యతో, "నా కళ్ళకేమైందే, వెళ్ళి బావనడుగు" అన్నాడు. ఆ ధైర్యంతోనే, అంతకుముందు వద్దని పంపేసిన ఒక పెద్ద క్యాంటీన్ పని ఒప్పుకున్నాడు. వంటింటికి పన్నెండు కత్తులు.

పన్నెండూ వారం తిరక్కుండా గోనెసంచిలో వెనక్కి వచ్చాయి. తెచ్చినవాడు కొలిమి ముందు కుమ్మరించి, పదిమందీ వింటుండగా నాలుగు మాటలని పోయాడు.

కమ్మరి ఆ పూటే నేరుగా బైండరు కొట్టుకు వచ్చాడు. ఏమీ అడగలేదు. బల్ల మీద చేత్తో తడిమాడు. తోలు పొట్టులో ఆ అరిగిపోయిన పాత కత్తి తగిలింది. సొరుగు లాగి తడిమాడు. కొత్తది నూనెగుడ్డలో భద్రంగా ఉంది. బొటనవేలు దాని అంచు మీద ఒక్కసారి నడిపాడు.

"నువ్వు పొగిడినప్పుడే నాకు తెలియాల్సింది" అన్నాడు. "చెప్పుంటే కళ్ళు చూపించుకునేవాణ్ణి కదా. వాళ్ళందరూ నవ్వారు, నవ్వనీ. ముందే నువ్వు నవ్వుంటే ఇంతదాకా వచ్చేది కాదు."

మర్నాటినుంచి కొలిమి రాజెయ్యలేదు. బైండరు రెండుసార్లు ఇంటికి వెళ్తే పడుకున్నాడన్నారు. మూడోసారి కమ్మరి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బైండరు మెట్టు దగ్గరే నిలబడి, ఆ కత్తి వంకలన్నీ గబగబా అప్పజెప్పాడు. తిట్టమన్నాడు, నాలుగు కొట్టమన్నాడు. కమ్మరి ఓపిగ్గా విని, కుర్చీ ఎటుందో తడిమి ముందుకు జరిపాడు.

"కూర్చోండి. మీరు టీ తాగుతారా?" అన్నాడు.

నలభై ఏళ్ళలో వాళ్ళ మధ్య ఎన్నడూ లేని 'మీరు'. చెప్పుతో కొట్టినా బైండరు అంత ఏడ్చేవాడు కాదు. ఆ టీ ఎలా తాగాడో, ఇల్లెలా చేరాడో ఆయనకే తెలియదు.

చలికాలం వెళ్ళేలోపు కమ్మరి జ్వరంతో పోయాడు. ఆఖరు వరకూ మళ్ళీ బావా అనలేదు.

పాత కత్తిని బైండరు ఆ వారమే పెట్టెలో పెట్టేశాడు. కొత్తదే పట్టుకున్నాడు. సంతలో ఇంకో కమ్మరి దాన్ని చూసి, "ఇలా ఇవ్వండి, గంటలో మళ్ళీ కాల్చి గట్టిగా చేసిస్తాను" అన్నాడు. బైండరు ఇవ్వలేదు. ఇక ఆ కత్తి బాగుపడటం ఆయనకు ఇష్టం లేదు.

నూరేటప్పుడు ఏం గొణుగుతాడో వీధిలో ఎవరికీ తెలియదు. మంత్రమనుకుంటారు, చాదస్తమనుకుంటారు. ఆయన అనేది ఒకటే. "మెత్తగా ఉంది బావా. నీలం దాకా పోయింది. మళ్ళీ కాల్చు." నాలుగు చెక్కులయ్యాక మళ్ళీ అదే చెబుతాడు.