పూర్తిగా అభివృద్ధి చెందిన మా అత్త వాలీబాల్

ఆ రోజుల్లో, కాగితం మీద రాసింది ఏదో ఒకనాటికి జరిగి తీరుతుందని నాకు గట్టి నమ్మకం ఉండేది. కొత్త రాష్ట్రం వచ్చింది, వెనకాలే కొత్త జిల్లాలు వచ్చాయి, ఆఫీసుల బోర్డులకు వేసిన రంగు ఇంకా చేతికి అంటుతూనే ఉంది, నాకేమో ఇరవై మూడేళ్లు. మహబూబ్‌నగర్‌లో వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి, కాలేజీ జట్టులో మూడేళ్లు వాలీబాల్ ఆడానన్న ధీమాతో నల్లగొండలో ఒక కాంట్రాక్టు ఉద్యోగంలో చేరాను. దేశంలో వాలీబాల్‌ను పెంచి పెద్దచేసే భారం నెత్తికెత్తుకున్న ఒక జాతీయ సంస్థకు అది జిల్లా శాఖ. (సంస్థ పేరు చెప్పను. వాళ్లు ఇప్పటికీ పెంచుతూనే ఉన్నారు, మధ్యలో కదిలించడం ఎందుకు.) నా హోదా ‘వికాస అధికారి’. మా నాయిన ఆ మాటను రెండు రోజులు నోట్లో నాన్చి నేర్చుకుని, కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు. నేను వికసింపజేయాల్సింది ఏమిటని ఎవరూ అడగలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ అడగలేదు.

శాఖ అంటే ఒక గది, ఒక బీరువా, ఒక కంప్యూటరు, ఒక కార్యదర్శి. ఆ కార్యదర్శికి నేను మనసులో పెట్టుకున్న పేరు పురోగతి సార్. మంచి మనిషి. పొద్దున్నే వచ్చి నాక్కూడా చాయ్ తెప్పించేవాడు. బంతిని మాత్రం దగ్గరికి రానిచ్చేవాడు కాదు, కళ్లజోడు పగులుతుందని. మూడు నెలలకోసారి ఢిల్లీ నుంచి పురోగతి నివేదిక ఫారం వచ్చేది. ఆయన గళ్లు చదివేవాడు, నేను టైపు చేసేదాన్ని. “పోయినసారి కోర్టులు ఎన్ని రాసినం?” “నాలుగు సార్.” “గిప్పుడు ఆరు రాయి. పురోగతి అంటే ముందటికి పోవాలె గదమ్మా.” జిల్లా మూడు ముక్కలైన ఏడాదైతే ఆయన ముఖం వెలిగిపోయింది. “ఒక జిల్లా సంఘం మూడైంది. అంటే వాలీబాల్ మూడింతలు పెరిగినట్టే!” అని స్వయంగా తానే టైపు చేశాడు. ఆ మూడు జిల్లాల్లో కలిపి కొత్తగా ఒక్క మనిషి కూడా బంతిని కొట్టి ఉండడు.

అలా సాఫీగా ముందుకు పోతుండగా ఫారంలో కొత్త గడి ఒకటి పుట్టింది: ‘గ్రామీణ మహిళా శిక్షణ కేంద్రాలు’. రెండుసార్లు గీత గీసి పంపాం. మూడోసారి ఎర్రసిరాతో చుట్టి వెనక్కి పంపారు. సార్ కళ్లజోడు తుడుచుకున్నాడు. “ఏదన్న ఒక ఊరు పేరు రాయమ్మా. జర దూరమున్న ఊరు.” నాకు వెంటనే తట్టింది దేవరకొండ అవతల మా మేనమామ వాళ్ల పల్లె. రోజుకు రెండే బస్సులు. తనిఖీకి వచ్చేవాడు పొద్దున బస్సు తప్పిపోతే సాయంత్రం బస్సులో వచ్చి ఏమీ చూడకుండానే అదే బస్సులో తిరిగి పోవాలి. ఇంతకంటే మంచి శిక్షణ కేంద్రం ఎక్కడ దొరుకుతుంది? టైపు చేశాను. “శిక్షణ పొందుతున్న మహిళలు ఎంతమంది సార్?” “ఇరవై నాలుగు.” “ఇరవై చాలదా సార్?” “ఇరవై అంటే అబద్ధం చెప్పినట్టు ఉంటదమ్మా.”

తర్వాతి నివేదికలో ఇరవై నాలుగు ముప్పై ఒకటైంది, ఆపై ముప్పై ఎనిమిది. మా మామ పల్లెలో ఇళ్లే నలభై లేవు. ఆ తర్వాత ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. మా గ్రామీణ మహిళా కేంద్రం పురోగతికి సంస్థ ముగ్ధురాలైందట. పన్నెండు రోజుల్లో ఒక పరిశీలకుడు స్వయంగా వస్తున్నాడట, అదీ కారులో. ఉత్తరాన్ని సార్ నా వైపు జరిపాడు. “ఊరు పేరు నువ్వే రాసినవ్ గదమ్మా,” అన్నాడు చాలా మెత్తగా. బీరువాలో అట్టపెట్టె కూడా విప్పని వాలీబాల్ బంతులు రెండుంటే సంచిలో వేసుకుని దేవరకొండ బస్సెక్కాను.

మా మామది గొర్లు కాసే కుటుంబం. నేను ఏడుపు ముఖంతో అంతా చెబితే, కర్ర మీద గడ్డం ఆనించి విన్నాడు. “అంటే బిడ్డా, మన ఊర్లె ముప్పై ఎనిమిది మంది ఆడోళ్లు ఆర్నెల్ల సంది బంతాట ఆడుతున్నరు. గా ముచ్చట మనకు తెల్వదు, ఢిల్లోల్లకు తెలుసు?” “అవును మామా.” మామ గడ్డం కర్ర మీది నుంచి ఎత్తాడు. “మస్తు సంగతే!” అన్నాడు. మా అత్తకు మాత్రం నవ్వు రాలేదు. “నీ నౌకరీ పోతదా?” అని అడిగింది. పోతుందన్నాను. కొంగు నడుముకు చెక్కుకుని వాడలోకి నడిచింది. తిరిగొచ్చేసరికి ఆమె వెనుక పదముగ్గురు ఆడవాళ్లున్నారు, అందులో ఒకామె చేతికి ఇంకా పిండి అంటుకునే ఉంది.

మందచుట్టూ కట్టే వలను రెండు వేపగుంజల మధ్య లాగి కట్టాం. ఎత్తు మామ తన కర్రతో కొలిచాడు. గీతలకు సున్నం లేక ముగ్గుపిండి పోశాం. గీత నేను గీసి తిరిగి చూసేసరికి నాలుగు మూలలా నాలుగు పువ్వులు వేసేశారు. దాంతో పువ్వు మీద బంతి పడితే లోపలా బయటా అన్నది మొదటి వివాదమైంది. (నిబంధనల పుస్తకంలో దీనికి జవాబు లేదు, వెతికాను.) “పువ్వు మేమే ఏసినం, గది మా లోపల్నే,” అని అత్త తేల్చేసింది. ఆట గురించి ఆమెకు వేరే అభ్యంతరాలు కూడా ఉన్నాయి. “ఒక్కసారి పట్టుకుంటే ఏమైతది? మనకాడికొచ్చిన బంతిని అవతలోళ్లకు ఎందుకిచ్చుడు? మల్ల ఆళ్లిచ్చేదాక ఎందుకు సూసుడు?” మూడేళ్లు ఆడిన నేను, “ఆట అట్లనే ఉంటది అత్తా,” అన్నాను.

నాలుగో రోజు ఒకటి జరిగింది. అత్త కోడలు, పెళ్లయి ఏడాది కాని పిల్ల, ఆ ఇంట్లో అప్పటివరకు గొంతెత్తి మాట్లాడగా ఎవరూ వినలేదు. స్థానాలు మారుతూ మారుతూ ఆమె వచ్చి అత్త పక్కన నిలబడాల్సి వచ్చింది. బంతి ఇద్దరి మధ్యకు లేచింది. “మన బంతి అనుకుంటే గట్టిగా చెప్పాలి” అని నేను పొద్దుటి నుంచి అరిచి అరిచి నేర్పిన మాట ఆ పిల్ల నిజంగా పట్టుకుంది. అత్త భుజం మీదుగా ఎగిరి, “నాదీ!” అని కేక పెట్టింది. ఆట ఆగిపోయింది. బంతి కింద పడి దొర్లుతూ పోతే పట్టుకునే దిక్కులేదు. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్త ఆమెను కిందినుంచి మీదికి ఒకసారి చూసింది. “నీదైతే కొట్టు మరి. గట్ల ఇడిసిపెడితె ఎట్ల?” అంది. ఆ తర్వాత ఆ పిల్లను ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఎనిమిదో రోజుకు నేను ముఖం కడుక్కునే లోపే అందరూ వచ్చి గుంజల దగ్గర నిలబడేవారు. పత్తి ఏరడానికి పోయే ముందు ఒక ఆట, వచ్చాక ఒక ఆట. నేను నా ఉద్యోగం గురించి భయపడటం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు.

పరిశీలకుడు వచ్చాడు. బొద్దుగా, తెల్లటి క్రీడాకారుల బూట్లతో ఉన్నాడు. పురోగతి సార్ కట్టించిన ఫ్లెక్సీలో పరిశీలకుడి బొమ్మ పెద్దది, సార్ బొమ్మ మధ్యరకం, బంతి బొమ్మ చిన్నది. ఉపన్యాసాలు గంట సాగాయి. ఆట మొదలయ్యే సమయానికి మామ గొర్లు, తమ వల ఇక్కడుందని గుర్తుపట్టాయో ఏమో, వరసగా వచ్చి కోర్టులో పడుకున్నాయి. వాటిని తోలాక ఆట మొదలైంది. అదృష్టమో ఏమో, ఆ రోజు ఆడినట్టు వాళ్లు ఇంకెప్పుడూ ఆడలేదు. కోడలు కొట్టిన ఒక బంతి నేరుగా పోయి ఫ్లెక్సీలో సార్ ముఖానికి తగిలింది. పరిశీలకుడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఏమైనా కావాలా అని హిందీలో అడిగాడు. గొర్లమ్మడానికి హైదరాబాదు పోయివచ్చిన మామ ఆ మాటను తెలుగు చేశాడు. అత్త ముందుకొచ్చి చెప్పింది. “ఒక నిజమైన వల గావాలె. గీ వల దినాం విప్పుడు, మల్ల కట్టుడు, గొర్లకు తిప్పలైతాంది. ఇంకో నాలుగు బంతులు గావాలె. జాగ చదును చెయ్యాలె, ఒకామెకు కాలు బెణికింది.” పరిశీలకుడు అన్నీ రాసుకున్నాడు, ముప్పై ఎనిమిది మంది ఏరని మాత్రం అడగలేదు. ఆయన కారు మలుపు తిరిగేదాకా ఆడవాళ్లంతా అక్కడే నిలబడ్డారు.

నెల తిరక్కుండానే ఉత్తరం వచ్చింది. నేను గబగబా చదివి, అర్థం కాక మళ్లీ నెమ్మదిగా చదివాను. మా కేంద్రం అన్ని ప్రమాణాలనూ అందుకుని ‘పూర్తిగా అభివృద్ధి చెందినది’గా ప్రకటించబడిందట. ఇక దానికి సహాయం అవసరం లేదు కాబట్టి, అక్కడున్న సామగ్రిని వెంటనే వెనక్కి తీసుకుని వెనుకబడిన మరో కేంద్రానికి తరలించాలట. “సామగ్రి అంటే?” అన్నాను. “ఆ రెండు బంతులేనమ్మా,” అన్నాడు సార్. “పోయి పట్టుకరా.”

పోయాను. అత్త విని, చేటలో బియ్యం ఏరుతున్నది ఏరుతూనే ఉంది. “బంతుల్లేవు. గొర్లు తిన్నయని రాయి.” “అబద్ధం ఎట్ల రాస్తా అత్తా?” చేట పక్కన పెట్టింది. “ఇన్నొద్దులు రాసింది నిజమా బిడ్డా?” వెనక్కి వచ్చి, సామగ్రి పత్రంలో ‘బంతులు రెండు, గొర్రెలు తినివేసినవి’ అని టైపు చేశాను. సార్ చదివి సంతకం పెట్టాడు. ఢిల్లీ వాళ్లు అక్కడితో ఊరుకుంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. రెండు బంతులనూ ఒకే గొర్రె తిన్నదా, వేరువేరు గొర్రెలా, పశువైద్యుడి ధ్రువపత్రం ఎందుకు జతచేయలేదు అని వాళ్లు ఎంతో శ్రద్ధగా అడిగారు. ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ల గురించి ఇన్నాళ్లూ ఒక్క ప్రశ్న వేయని సంస్థ, రెండు గొర్రెల గురించి మూడు ప్రశ్నలు వేసింది. ఈ సంగతి ఫోన్లో చెబితే మామ బెదిరిపోయాడు. “నా గొర్ల మీద కేసు పెడతరా ఏంది?”

ఆ మధ్యాహ్నం సార్ భోజనానికి వెళ్లినప్పుడు కూర్చుని ఉత్తరం రాశాను. మొదట అక్కడ ఏ కేంద్రమూ లేదని, మేము ఊరికే రాశామని, మీరు చూడ్డానికి వస్తున్నారంటే పుట్టిందని, ఇప్పుడు నిజంగా ఉందని, ముప్పై ఎనిమిది మంది కారు, మా అత్తతో కలిపి పద్నాలుగు మందని, బంతులు వాళ్ల దగ్గరే ఉన్నాయని, అడిగి తేవడం నా వల్ల కాదని, వీలైతే వల కూడా పంపమని. సార్ వచ్చి చదివాడు. తిడతాడనుకున్నాను. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, “రాసింది మంచిగనే ఉందమ్మా. కని దీనికి ఫారంల గడి లేదు గదా,” అన్నాడు, నిజంగానే బాధపడుతూ. అయినా కవరులో పెట్టి నా ముందే పోస్టుకు పంపాడు. ఆ సంగతికి ఆయన్ని ఇప్పటికీ తలుచుకుంటాను. నా కాంట్రాక్టును ఏడాది చివర మళ్లీ పొడిగించలేదు. కారణం ఎవరూ చెప్పలేదు. వల రాలేదు. బంతులు అడగడానికీ ఎవరూ రాలేదు. అవి పూర్తిగా అరిగి, కుట్లు విడిపోయేదాకా ఆ పల్లెలోనే తిరిగాయి. అత్త కోడలు ఇప్పుడు పక్క ఊరి బడిపిల్లలకు ఆట నేర్పుతోంది. ఆమె కేక రోడ్డు మీదికి వినిపిస్తుందని మామ ఫిర్యాదు, గర్వం రెండూ కలిపి చెబుతుంటాడు.

నేనిప్పుడు మక్తల్ దగ్గర ఒక స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా ఉన్నాను. మొన్న పాత సర్టిఫికెట్లు వెతుకుతుంటే ఆ ఉత్తరం నకలు బయటపడింది. రెండు పేజీలు. ఎక్కడా కొట్టివేత లేదు, ఎవరో పక్కన కూర్చుని వింటున్నంత ఓపికగా అన్నీ వివరించాను. చివర నా పూర్తి పేరు, చదువు, హోదా, ఇంటి చిరునామా, జవాబు చెప్పడానికి వీలుగా ఫోన్ నంబరు. ఆ నంబరు కింద, ‘సాయంత్రం అయిదు తర్వాత చేస్తే బాగుంటుంది, అప్పటిదాకా ఆఫీసులో ఉంటాను’ అని. చదివి నవ్వుకున్నాను. ఇరవై మూడేళ్ల ఆ పిల్ల ఎన్ని సాయంత్రాలు ఫోను చేతిలో పట్టుకుని కూర్చుందో నాకు తప్ప ఎవరికీ తెలియదు.