బ్రేకుల్లేని సైకిలు మీద కొండ దిగడం

మా కోనసీమలో సైకిలుకి బ్రేకులుండాలన్న పట్టింపు ఆ రోజుల్లో ఎవరికీ లేదు. ఎందుకుండాలి చెప్పండి! కొత్తపేటలో ఎక్కి అమలాపురం దాకా తొక్కుకుంటూ పోయినా నేల చాప పరిచినట్టే ఉంటుంది. ఎక్కుడు అనేది కాలవ వంతెన దగ్గర కాస్త, ఏటిగట్టు దగ్గర కాస్త. ఆ మాత్రం దానికే మా వాళ్ళు సైకిలు దిగి, కైలాసం ఎక్కుతున్నట్టు రొప్పుతూ నడిపించుకుంటారు. ఆగాలంటే కాలు కింద పెడితే సరి. నా సైకిలుకి బ్రేకు రబ్బర్లు ఎప్పుడో అరిగి ఊడిపోయాయి. కొత్తవి వేయిద్దామన్న ఆలోచన నాకే కాదు, మా ఊళ్ళో సైకిళ్ళు బాగుచేసేవాడికి కూడా రాలేదు. గంట మాత్రం తళతళలాడుతూ ఉండేది. గంట లేకపోతే మనం వస్తున్నట్టు నలుగురికీ ఎలా తెలుస్తుంది?

అలాంటి సైకిలు వేసుకుని, ఒక కార్తీకమాసంలో, నా పెళ్ళాన్ని తెచ్చుకోవడానికి బయల్దేరాను.

మా అత్తవారిది రాజమండ్రికి ఎగువన, అడవి కొండల మొదట్లో ఉన్న ఊరు. స్వరాజ్యం వచ్చిన కొన్నాళ్ళకి మా పెళ్ళయింది. ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు నడివేసవి. గోదావరి ఒళ్ళు దాచుకుని ఇసుకలో పడుకుని ఉంది. జొన్నాడ రేవులో పడవెక్కి రావులపాలెంలో దిగడం ఆవిడకి సరదాగానే ఉంది. తంటా అంతా ఆషాఢమాసానికి పుట్టింటికి వెళ్ళేటప్పుడు వచ్చింది. అప్పటికి ఏటికి వరద ఎర్రనీళ్ళు వచ్చేశాయి. నడి ఏట్లో సుడి పడవని గిర్రున తిప్పేసింది. నీళ్ళు లోపలికి చిమ్మాయి, ఆవిడ బట్టల పెట్టె తడిసింది. అంతకు మించి ఏమీ జరగలేదు, అందరం క్షేమంగా ఒడ్డున దిగాం. కానీ ఆషాఢం వెళ్ళింది, శ్రావణం వెళ్ళింది, దసరా దాటింది, దీపావళి దాటింది. ఆవిడ మాత్రం ఏరు దాటి రాలేదు.

"వరద తియ్యగానే పంపుతాం అల్లుడుగారూ" అని మా అత్తగారు కబుర్లు పంపేది. వరద తీసింది. కబుర్లే వచ్చాయి, మనిషి రాలేదు. నేను వీధిలో కాలు పెడితే చాలు, "ఏవండీ, అమ్మాయిగారు ఇంకా రాలేదాండీ?" అని పలకరింపులు. పైకి "ఆయ్, వచ్చేస్తుందండీ" అనేవాణ్ణి. లోపల ఒళ్ళు మండిపోయేది. ఆఖరికి మా అమ్మ, "ఈసారి వెళ్ళి తీసుకురా. రానంటే ఇంక ఆ ఊసు వదిలెయ్యి" అంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. ఆవిడ లేకుండా నేనుండలేను, అదీ అసలు సంగతి. అయితే ఆ కాలంలో మగాడు ఆ మాట పైకంటే ఊరంతా నవ్వుతుంది.

అత్తవారింటికి చేరేసరికి పొద్దు వాలింది. మా బావమరిది అరుగు మీంచే మొదలుపెట్టాడు. "రండి బావగారూ! ఇన్నాళ్ళకి మా ఎర్రమట్టి గుర్తొచ్చిందా? ఒళ్ళేంటండీ అలా తీసిపోయేరు, కొబ్బరికాయలు కాయడం మానేసేయా?" మా ఆవిడ తలుపు చాటున కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు విని నాకు ప్రాణం లేచొచ్చింది. తీరా ప్రయాణం మాట ఎత్తేసరికి ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది. "నేను ఏరు దాటలేనండి" అంది. "బిందెలో నీళ్ళన్నా చూస్తావా, వాటికీ భయమేనా?" అన్నాను. ఆవిడ విసురుగా లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు కొండ మొదట్లో ఉసిరిచెట్టు కింద వనభోజనం. అత్తగారు అక్కడ పొయ్యి రాజేసి వంట మొదలుపెట్టింది. వంటయ్యేలోపు కొండ మీంచి చుట్టూ చూసొద్దామని మేం ముగ్గురం బయల్దేరాం. బావమరిది ఒక సైకిలు, నేనొక సైకిలు, మా ఆవిడ నడక.

ఆ రోడ్డు చూస్తే నాకు అసూయ పుట్టింది. ఫారెస్టు వాళ్ళు వెదురు బళ్ళ కోసం వేసిన కంకర రోడ్డు అది. ఆ ఏడు వెదురు కొట్టడం ఇంకా మొదలవలేదు. బండి లేదు, బస్సు లేదు, పశువు లేదు. రెండు పక్కలా టేకు చెట్లు, వెదురు పొదలు, మధ్యలో వానలకి కడుక్కుపోయి పైకి తేలిన ఎర్ర కంకర. ఇదే మా వైపయితే అంబాజీపేట కొబ్బరి బళ్ళు వరసకట్టి, పక్కకి తప్పుకోలేక బళ్ళవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ ఉండేవారు. ఇంత రోడ్డు ఊరికే పడుంది కదా అని ఉత్సాహంగా సైకిలెక్కి తొక్కాను. కాస్త దూరం పోయాక ఎంత తొక్కినా అది కదల్లేదు. ఇంకా బలంగా తొక్కితే వెనక్కి రావడం మొదలెట్టింది. దిగి తోసుకుంటూ నడుస్తుంటే మా ఆవిడ నన్ను దాటిపోతూ, "తోడు రమ్మంటారా?" అని అడిగింది. బావమరిది పెద్దగా నవ్వాడు.

పైకెక్కేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అక్కణ్ణుంచి చూస్తే చెట్లన్నీ కిందికి దిగిపోయి, చాలా దూరాన సన్నగా, తెల్లగా మెరుస్తూ ఏదో కనిపించింది. "అదుగోండి బావగారూ, గోదావరి" అన్నాడు బావమరిది.

అప్పుడు నేను నోరు మూసుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. ఊరుకోగలనా! "చూడవే, నూలుపోగంత లేదు. దీనికా నువ్విన్నాళ్ళూ కొంగు కప్పుకుని మూల కూర్చున్నావు? మా ఊళ్ళో పసిపిల్లలు ఈదుతారు అందులో" అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగింది. చురచురా చూసింది. "అలాగా! మా ఊళ్ళో పసిపిల్లలు ఈ రోడ్డు మీద సైకిలు దిగకుండా కిందకి పోతారండి. మీరూ పోండి. ఉసిరిచెట్టు దాకా కాలు కింద పెట్టకూడదు. పోతే రేపే ఏరు దాటి వస్తాను. పోలేకపోతే మళ్ళీ వేసవి దాకా నన్ను రమ్మని అడక్కూడదు."

మళ్ళీ వేసవి! మా అమ్మ అన్న మాట చెవిలో గింగురుమంది. అయినా దిగడమే కదా, ఎక్కడం కాదుగా అనుకున్నాను. "ఆయ్, అంతేనా!" అని సైకిలెక్కి కూర్చున్నాను. బ్రేకుల సంగతి ఆ క్షణాన గుర్తే రాలేదంటే నమ్మండి. ఎన్నడూ అక్కర్లేని వస్తువు ఎలా గుర్తొస్తుంది?

బుద్ధెరిగాక తొక్కకుండా సైకిలు పోవడం నేను చూడ్డం అదే మొదలు. అబ్బ, ఏం హాయి! గాలి చొక్కాలోకి దూరి వీపు మీద బుంగలా నిలిచింది. చక్రాల కింద కంకర పేలాలు వేగినట్టు పటపటలాడింది. ఇంత సుఖం ఉందని తెలియక ఇన్నేళ్ళూ కాళ్ళు అరగదీసుకున్నాం కదా అనుకున్నాను. ఆనందం పట్టలేక గంట కూడా కొట్టాను. ఎవరు తప్పుకోవాలనో! రోడ్డు మీద కోతి కూడా లేదు.

అంతలో చెట్లు మరీ తొందరగా వెనక్కి పోతున్నాయనిపించింది. బ్రేకు కడ్డీలు నొక్కాను. అవి బుద్ధిగా హేండిలుకి అతుక్కున్నాయి. చక్రాలు మాత్రం వాటి దారిన అవి పోతున్నాయి. అప్పుడు తెలిసింది. పందెం గిందెం మరిచి రెండు కాళ్ళూ కింద పెట్టాను. ఒక చెప్పు ఎటో ఎగిరిపోయింది. "ఓరి నాయనోయ్! చచ్చేనోయ్! పట్టుకోండోయ్!" అని అరిచిన అరుపు కింద పొయ్యి దగ్గరున్న అత్తగారికి కూడా వినపడిందట. ముందు మలుపొచ్చింది. రోడ్డు కుడి చేతి వైపు తిరిగింది. నేను తిన్నగా పోయాను.

తుప్పల్లో వెల్లకిలా పడి, పైన ఆకాశం చూస్తూ ఉండగా మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఎక్కడ తగిలిందండీ?" అని పక్కన కూలబడింది. అబ్బే ఏం లేదనాలనుకున్నాను. నోరు మాట వినలేదు. "భయమేసిందే. చచ్చిపోయేననుకున్నాను" అన్నాను. నా చేతులు గజగజా వణుకుతున్నాయి, ఆపుదామన్నా ఆగడం లేదు. ఆవిడ ఆ చేతుల కేసి కాసేపు చూసి, ఒళ్ళో పెట్టుకుని ముళ్ళు తియ్యడం మొదలుపెట్టింది.

బావమరిది నా సైకిలెత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. "బావగారూ, బ్రేకులేవండీ?"

"మా వైపు అక్కర్లేదోయ్."

"మరి పల్లం దిగేటప్పుడో?"

"మాకు పల్లం ఎక్కడిదోయ్!"

అతను సైకిలు వదిలేసి, రోడ్డు మధ్య కూర్చుని, పొట్ట పట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఆ తరవాత ఎన్నేళ్ళయినా మా వాళ్ళెవరు వెళ్ళినా ముందు సైకిలుకి బ్రేకులున్నాయో లేదో చూసిగాని కాళ్ళకి నీళ్ళిచ్చేవాడు కాదు.

ఉసిరిచెట్టు కింద విస్తట్లో పులిహోర ఉంది, గారెలున్నాయి. నాకు ముద్ద దిగలేదు. పందెం పోయింది. వేసవి దాకా అడగడానికి లేదు. ఒక్కణ్ణీ వెళ్ళి మా అమ్మకి మొహం ఎలా చూపించను? ఇంటికొచ్చాక మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాను. కాసేపటికి గదిలో చప్పుడైతే తిరిగి చూశాను. ఆవిడ చీరలు మడతపెట్టి పెట్టెలో సర్దుతోంది.

"పందెం అల్లుడుగారు ఓడిపోయేరన్నావు కదే?" అని గుమ్మంలోంచి అత్తగారు అడిగింది.

"ఓడిపోయేరమ్మా" అని ఆవిడ పెట్టె మూత వేసింది.

వంకరపోయిన సైకిలు బావమరిది దగ్గరే వదిలేసి, మర్నాడు బస్సులు మారి జొన్నాడ రేవుకి చేరాం. రేవులో పడవ కోసం నిలబడ్డప్పుడు ఆవిడ పెదాలు తెల్లబడి ఉన్నాయి. ఇంక ఉండబట్టలేక అడిగాను. "ఓడిపోయినవాడి వెంట ఎందుకొస్తున్నావే?"

ఆవిడ నీళ్ళ వైపే చూస్తూ చెప్పింది. "ఆ వేళ పడవ తిరిగినప్పుడు నేను ఏడుస్తుంటే మీరు నవ్వేరండి. పక్కవాళ్ళక్కూడా చూపించి నవ్వించేరు. నా భయం నీళ్ళు కాదండి. నేను మునిగిపోతున్నా మీరలాగే నవ్వుతూ కూర్చుంటారేమో అని. నిన్న మీ చేతులు చూసేక, భయమంటే ఏంటో ఈయనకీ తెలుసులే అనిపించింది."

నవ్వినట్టు నాకు గుర్తే లేదు. నవ్వితే ఆవిడకి ధైర్యం వస్తుందనుకుని నవ్వి ఉంటాను. ఆ మాట చెబుదామని నోరు తెరిచి, మానేశాను. పడవ కదిలింది. నడి ఏట్లోకి వచ్చాక ఆవిడ చెయ్యి నా చేతిలోకి తీసుకుని, "నాకూ భయంగానే ఉందే" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి, "అబద్ధాలాడకండి" అని నవ్వింది. ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే రావులపాలెం రేవులో దిగాం.