మా అత్తకు చంద్రుణ్ణి కుట్టి చూపించిన కథ

ఒకే ఒక్క ఫోటోతో వినాయకుడి వ్రతాన్నీ, చంద్రుడి పరువునూ, మా వీధి ఆడవాళ్ల భక్తినీ కలిపి గంగలో ముంచిన ఘనురాలిని నేను. ఎట్లాగో చెబుతాను. నవ్వితే నవ్వండి, మా తిరుపతిలో ఇప్పటికే నవ్వేశారు.

యాభై దాటాక నాకు అక్షరాలొచ్చాయి. కొత్తగా చదువొచ్చిన మనిషి కొమ్ములు మొలిచిన పొట్టేలు లాంటిది, కనబడిన గోడనల్లా పొడుస్తుంది. నేను ఊళ్లో బోర్డులన్నీ చదివేసి, ఇక భూమ్మీద పని అయిపోయిందని ఫోన్ పట్టుకుని చంద్రుడి మీద పడ్డాను. వీడియోలు చూసి విద్య నేర్చాను. చంద్రుణ్ణి బాగా దగ్గరికి లాగి ముక్కలు ముక్కలుగా ఫోటోలు తీయాలి. పాత చీరలతో బొంత కుట్టినట్టు ఆ ముక్కలన్నీ అతికించాలి. మచ్చలతో సహా ఇంత పెద్ద చంద్రుడు వస్తాడు.

మా అత్త సంకటహర చవితికి ఉపవాసముంటుంది. చంద్రుణ్ణి చూడనిదే మెతుకు ముట్టదు. మోకాళ్ల నొప్పులతో మిద్దె ఎక్కలేదు కనుక పెరట్లోంచే చూసేది. ఆ ఏడు పెరటికి ఎదురుగా లాడ్జి లేచింది. చంద్రుడు దాన్ని దాటి రావాలంటే బాగా పొద్దుపోవాలి. అత్తకేమో షుగర్, సాయంత్రానికే చేతులు వణుకుతున్నాయి. ఒక ముద్ద తినమంటే వ్రతం చెడుతుందంటుంది.

“నువ్వు కూసో అత్తా. చంద్రుణ్ణి నేనే కిందికి తెస్తా,” అన్నాను.

మిద్దెక్కితే ఆకాశమంతా మబ్బు. అయినా లాడ్జి మీది నీళ్ల ట్యాంకుల సందులో తెల్లగా, గుండ్రంగా స్వామి దర్శనమిచ్చాడు. కళ్లజోడు కిందే ఉండిపోయింది. ఫోనుండగా కళ్లెందుకు? ముక్కలు తీసి, అక్కడే కూర్చుని కుట్టేశాను.

అత్త ఫోను మీద అర్ఘ్యం వదలబోతే ఎట్లాగో ఆపాను కానీ, కుంకుమను ఆపలేకపోయాను. లోపల కుందేలు కూడా కనబడుతోందని మురిసిపోయి, కడుపునిండా పొంగలి తిని తేన్చింది. నేనూరుకున్నానా? ఫోటోను వీధి ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఉపవాసమున్నవాళ్లందరూ ఇక భోంచేయవచ్చని కింద అనుమతి కూడా రాశాను. రాయడం వచ్చింది కదా మరి.

అందరూ తిన్నాక పక్కింటి భాగ్య ఫోను పట్టుకుని వచ్చింది.

“అక్కా, కుందేలుకు ఇంత పొడుగు తోక యాడిది?”

“అతుకు సరిగ్గా పడలేదులే.”

“ఈ పక్క ముక్కలో పురుగును తింటా ఉండాది.”

“చంద్రుడి మీద ఏముంటాయో నీకేం తెలుసుమే?”

భాగ్య నా ముక్కుకు కళ్లజోడు తగిలించి మిద్దె మీదికి లాక్కుపోయింది. నా చంద్రుడు లాడ్జి ట్యాంకుల వెనక గోడకు మరలతో బిగించి ఉన్నాడు. కుందేలు ఆ దీపం అద్దం మీద పాకుతూ పురుగులు ఏరుకుంటోంది. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ల గురించి విన్నారు. నేను ఆకాశాన్ని కుట్టి బల్లిని పట్టాను.

కిందికొచ్చి చెప్పేశాను.

“పొద్దన్నించీ పస్తుండి బల్లికి మొక్కినానన్నమాట,” అంది అత్త. “సరే. వచ్చే చవితికి నా బదులు నువ్వుండు ఉపవాసం. చంద్రుడు వచ్చినాడో లేదో నేను సూసి సెప్తా.”

చెప్పింది. హాయిగా నిద్రపోయి, తెల్లవారుజామున లేచి చెప్పింది.

ఆ ఖాళీ కడుపు మీద చెయ్యి వేసుకుని నేను చేసిన ప్రమాణం ఇది: తోక లేదని తేలేదాకా ఏ దేవుడి ఫోటోనూ గ్రూపులో పెట్టను. ఆంజనేయస్వామికి మాత్రం మినహాయింపు.