మోటారు టాపు కుట్లు

దెయ్యాలనీ గాలి సోకిందనీ ఎవరైనా నా ముందు మాట్లాడితే నాకు ఒళ్ళు మంట. ఇంట్లో వస్తువు పోతే దొంగని వెతకాలి. మాట తేడాగా వినబడితే అన్నవాళ్ళ మొహం చూడాలి. ఇంతే నాకు తెలిసిన శాస్త్రం. చదివింది రెండో తరగతి. మా ఆయన పోయిన దగ్గర్నుంచి కురుపాంలో చింతపండు కొట్టు నేనే నడిపాను. తూకంలో ఎవరూ నన్ను మోసం చెయ్యలేకపోయారు. రాస్తున్నది అలాంటి మనిషని గుర్తుంచుకుని చదవండి.

మా అబ్బాయి సూర్నారాయణ మోటారు కొన్నది నన్ను అడక్కుండానే. కొండమీద కాఫీ తోట వేసిన దొర ఒకాయన తోట వదిలేసి పోతూ అమ్మేశాడట. జర్మనీ యుద్ధానికి ముందు వచ్చిన బండి. పందేలకి చేసింది. రెండే సీట్లు, ముందు పొడుగాటి మూతి, వెనక పడవ కొసలా సన్నటి తోక. పైన గట్టి కప్పు లేదు. మడిచే గుడ్డ టాపు ఒకటి ఉంది, అదీ పేలికలైపోయింది. ఏళ్ళ తరబడి పాకలో పడుంటే సీట్లలో కోళ్ళు పొదిగాయి. నాలుగెడ్లు కట్టి మా చింతపండు కొట్లోకి లాక్కొచ్చారు.

"పందెం బండి మనకెందుకురా? నువ్వెవడితో పరిగెడతావు?" అన్నాను.

"పందేనికి కాదమ్మా. రోజూ పార్వతీపురం ఎల్లి రాడానికి. నాను బాగు సేస్తాను, సూడు."

చాలా మటుకు తనే చేశాడు. పార్వతీపురం నుంచి మేస్త్రీ మూడుసార్లు వచ్చి ఇంజను విప్పి పెట్టాడు. ఆ ముక్కలన్నీ నా బెల్లం పాకం పెట్టే పెద్ద మూకుడులో కిరసనాయిలు పోసి నానబెట్టారు. ఆ మూకుడు మళ్ళీ వంటకి పనికి రాలేదు. చప్పుడికి ఎడ్లు బెదురుతున్నాయని పొగగొట్టానికి రేకు డబ్బా బిగించాడు. పడవ తోక కోసేసి, రెండు బస్తాలు పట్టే చెక్కపెట్టె పెట్టాడు. కొండదారి ఘాటీ ఎక్కేటప్పుడు నింపాదిగా లాగేలా గేరు చక్రాలు మార్పించాడు.

"రేసు గుర్రాన్ని పట్టుకొని గానుగెద్దుని సేసీనారు బాబూ," అని నవ్వాడు మేస్త్రీ.

ఇక మిగిలింది టాపు. మద్రాసు నుంచి కొత్తది తెప్పిస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇంట్లో పాత డేరా గుడ్డ ఉంది. సంతలో సవర వాళ్ళ దగ్గర కొన్న మైనం, గుగ్గిలం ఉన్నాయి. రెండూ కరిగించి గుడ్డకి పట్టిస్తే చుక్క నీరు దిగదు. కుట్టడానికి దబ్బనం, పురికొస ఉన్నాయి. ఎన్నో బస్తాల మూతులు కుట్టిన చెయ్యి నాది, టాపు ఒక లెక్కా?

మొదటి రోజు కుడి పక్క కుట్టాను. వేలెడు వేలెడు దూరంలో గట్టి కుట్టు. సూర్నారాయణ చూసి, "బస్తా మూతి కుట్టినట్టే ఉన్నాది. మన కొట్టు గుర్తు కూడా ఏసెయ్యి, దారి తప్పిపోదు," అన్నాడు. నా కోడలు వరాలు పైట నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వేనని నేను కనిపెట్టాను. పెళ్ళికి ముందు మూడేళ్ళు మిషను బళ్ళో కుట్టుపని నేర్చుకున్న పిల్ల. అప్పుడు ఆరో నెల, తొలిచూలు.

మర్నాడు పొద్దున్న కొట్టు తీసి చూస్తే నా కుట్టు లేదు. దాని చోట చీమల బారులా సన్నటి కుట్టు, నల్ల దారంతో. నా పురికొస విప్పి, చుట్ట చుట్టి, ఎడమ సీటులో పెట్టి ఉంది.

ఎవరిని అనుమానించాలో నాకు వేరే చెప్పాలా?

"నా కుట్టు నచ్చకపోతే నా మొహం మీదే సెప్పు. దొంగసాటుగా సెయ్యడం ఏటి?" అన్నాను.

"నాను ముట్టుకోనేదత్తా," అంది.

నమ్మలేదు. ఆ కుట్టు నా చేత్తోనే విప్పేసి మళ్ళీ పురికొసతో కుట్టాను. పంతం పట్టి ఎడమ పక్క కూడా కుట్టాను. తెల్లారేసరికి రెండు పక్కలా చీమల బార్లే. అలాంటి నల్ల దారం నేనెరిగి మా ఇంట్లో లేదు. వరాలు పెట్టె తెరిచి, చీరలన్నీ దులిపి వెతికాను. ఎర్ర దారం ఒక ఉండ, రెండు సూదులు దొరికాయి. సూదులు తీసేసుకున్నాను. ఆ పిల్ల గోడకి ఆనుకుని నిలబడి చూసింది. ఒక్క మాట అనలేదు. దొరికిపోయింది కాబట్టే మాట్లాడలేదనుకున్నాను.

ఆ రాత్రి దాన్ని నా పక్కనే గోడవైపు పడుకోబెట్టుకున్నాను. కొట్టు తాళంచెవి నా బొడ్లో ఉంది. పొద్దున్నకి, నేను ముందురోజు కుట్టిన ముందు అంచు కూడా మారిపోయింది.

అప్పుడు కూడా నా బుద్ధి దెయ్యం దాకా పోలేదు. మారు తాళంచెవి ఉందనుకున్నాను. మొగుడూ పెళ్ళాం కలిసి నన్ను వెర్రిదాన్ని చేస్తున్నారనుకున్నాను. మా వాళ్ళలో తొలిచూలుకి పుట్టింటివాళ్ళు ఏడో నెలలో పసుపూ చీరా పట్టుకొచ్చి, పిలుచుకుని వెళ్ళాలి. పిలుపు లేకుండా కడుపుతో ఉన్న పిల్లని పంపడమంటే వెళ్ళగొట్టడమే. అది నాకు తెలుసు. తెలిసే అన్నాను: "మీయమ్మ కాడికి ఎల్లు. నిజం సెప్పాలనిపించిన నాడు రా."

సూర్నారాయణ మర్నాటిదాకా ఆగలేదు. ఎడ్లబండి కట్టి పెళ్ళాన్ని సీతంపేట తీసుకుపోయాడు. బండి నడిపే మనిషి కూడా వాళ్ళతోనే వెళ్ళాడు. ఇంట్లో నేనొక్కదాన్నే.

ఆ సాయంత్రం వెనక అంచు కుట్టాను. కొట్టు తలుపుకి తాళం వేశాను. దాని మీద పురికొస కట్టి, ముడి మీద లక్క పోసి, మా కొట్టు ముద్ర వేశాను. పొద్దున్న ముద్ర చెక్కు చెదరలేదు. వేలితో తడిమి మరీ చూసుకున్నాను. లోపల టాపు నాలుగు పక్కలా సన్నటి నల్ల కుట్టు. ఎడమ సీటులో పురికొస చుట్ట.

అక్కడే బస్తా మీద కూర్చున్నాను. ముందుగా కళ్ళముందు మెదిలింది గోడకి ఆనుకుని నిలబడ్డ ఆ పిల్ల.

అయినా సాక్ష్యం కావాలనుకున్నాను. టాపు బండి మీంచి తీసి, సంతలో బట్టలు కుట్టే సాయిబుకి చూపించాను. ఆయన చాలాసేపు తిరగేసి చూశాడు. "ఇది ఎడంసెయ్యి వాటం పనమ్మా. కుట్టు ఎటు వాలిందో సూడండి. మీ ఇంట్లో ఎడంసెయ్యి వాళ్ళెవులు?" అన్నాడు.

ఎవరూ లేరు. వరాలు అన్నం తినేదీ సూది పట్టేదీ కుడిచేత్తోనే.

పాత టాపు ఉంటే ఆ కుట్లతో పోల్చి చూద్దును. అది నేనే నీళ్ళ పొయ్యిలో పెట్టేశాను, పుల్లలు ఆదా అవుతాయని. పెట్టేముందు దాని కుట్లు ఎలా ఉన్నాయో చూడలేదు. కాఫీ తోట దగ్గర వాకబు చేయించాను. ఆ బండి దొర ఎవరి దగ్గర కొన్నాడో, టాపు ఎవరు కుట్టారో చెప్పేవాళ్ళు ఒక్కరూ దొరకలేదు.

సూర్నారాయణ తిరిగొచ్చాక, "మోటారు తియ్యి," అన్నాను.

"ఎక్కడికి?"

"సీతంపేట."

ఆ బండి మొదటి ప్రయాణం అదే. ఎడమ సీటులో నేను కూర్చోవాల్సి వచ్చింది. దారి పొడుగునా వాన. చుక్క నీరు లోపలికి దిగలేదు.

మా వియ్యపురాలు గుమ్మంలోనే నిలబడింది. కాళ్ళకి నీళ్ళివ్వలేదు. "ఏటొదినా, మీ ఇంట్లో ఇంకేటైనా పోనాదేటి? పిల్ల పెట్టె తెమ్మంటారా, వెతుక్కుంటారా?" అంది.

వీధిలో జనం ఉన్నారు. మోటారు చూడ్డానికి వచ్చినవాళ్ళు. వాళ్ళందరి ముందే అన్నాను: "తప్పు నాది. నీ కూతురు అబద్ధం ఆడనేదు."

వరాలు బయటికి వచ్చింది. నాకేసి చూడకుండా తిన్నగా మోటారు దగ్గరికి వెళ్ళి, తడిసిన టాపు అంచు మీద వేళ్ళు పోనిచ్చింది. "ఇంత సన్నంగా నాకు రాదత్తా. మా బళ్ళో దొరసానికీ రాదు," అంది. అంచు వదిలి, "మరెవులు కుట్టినారు?" అని అడిగింది.

లక్క ముద్ర సంగతీ, సాయిబు అన్న మాటా చెప్పాను.

ఆ రోజు పంపలేదు వాళ్ళు. అడిగే మొహం నాకూ లేదు. పాప పుట్టింది. మూడో నెల వచ్చాక సూర్నారాయణ ఒక్కడే వెళ్ళాడు. వస్తుందో రాదో తెలియక ఆ పూట నేను వంట చెయ్యలేదు. మధ్యాహ్నం హారను వినబడి వీధిలోకి వచ్చాను. వరాలు పాపని ఒళ్ళో పెట్టుకుని ఎడమ సీటులో కూర్చుని ఉంది. దిగి, పాపని నా చేతికి ఇచ్చింది.

ఆ బండి ఇప్పటికీ రోజూ పార్వతీపురం వెళ్ళొస్తోంది. టైర్లు మార్చాం, సీట్ల తోలు మార్చాం. టాపు అదే, ఒక్క కుట్టు ఊడలేదు. నేను మాత్రం దాన్ని ముట్టుకోను. తలుపు మీద ముద్ర నా కళ్ళతో చూశాను. ఇంట్లో ఎవరూ లేరని నాకు తెలుసు. ఎన్నిసార్లు తిప్పి తిప్పి ఆలోచించినా లెక్క కుదరడం లేదు.

ఎవరు కుట్టారో నాకు తెలీదు. వరాలు కుట్టలేదని మాత్రం తెలుసు. ఆ మాట ఆ పిల్ల మొదటి రోజే చెప్పింది.