సొల్యూషన్ వాసన

ఊడిన బూటు అడుగుకు సొల్యూషన్ జిగురు పూసి రెండు బొటనవేళ్ళతో అదుముతోంది సూదత్త. చెప్పుల కొట్టు ఆమెది. చేతిలోని సూదికంటే నోట్లోది పదునని ఆ పేరు వచ్చింది. అప్పుడే బడి అటెండరు పరుగున వచ్చాడు.

"అత్తా, హెడ్‌మాస్టరు గారు రమ్మంటున్నారు. నీ కూతురు బాత్రూముల వెనక మత్తుకోసం సొల్యూషన్ పీలుస్తూ దొరికింది."

బూటు అక్కడే వదిలేసి బయలుదేరింది.

వేరే తల్లి అయితే వాసన బట్టి పట్టేసేది. సూదత్త ఇంట్లో చాప, దిండు, ఆమె చీర కొంగు అన్నీ ఎప్పుడూ అదే వాసన. తొమ్మిదో తరగతి పిల్ల ఒంటిమీద అది కొత్తగా తెలియలేదు. ఆ సంగతి తలచుకున్నకొద్దీ ఆమెకు తనమీదే ఒళ్ళు మండింది.

బడి గోడమీద 'మత్తుకు దూరం' అని ఎర్ర రంగుతో మనిషెత్తు అక్షరాలు. దాని కిందే వాలీబాల్ స్తంభాలు, మధ్యన నెట్ లేదు.

"మీ పిల్లను వాలీబాల్ జట్టులోంచి తీసేశాం. ఈ ఏడాది ఆట లేదు," అన్నాడు హెడ్‌మాస్టరు.

"ఉన్న ఒక్క ఊతం కూడా తీసేస్తారా? నెట్ ఉన్నన్నాళ్ళు సాయంత్రం నేను కొట్టు కట్టేసేదాకా అది ఇక్కడే గెంతేది. చిరిగిన నెట్ మూల పడేశారు. తిరగడానికి బాత్రూముల వెనక తప్ప చోటేదీ?"

"కొత్త నెట్ అడిగామమ్మా, రాలేదు."

"గోడకు రంగు మాత్రం వచ్చింది! పైన పటారం, లోన లొటారం. ఆ చిరిగినది నాకివ్వండి, బాగుచేసి తెస్తా. పిల్లను ఆడనివ్వండి."

ఆయన నసిగాడు. ఆటల టీచరమ్మ లేచింది. "నా పూచీ సార్. రోజూ నా కళ్ళముందే ఉంటుంది."

"మళ్ళీ దొరికితే మాత్రం మీ ఇద్దరినీ అడుగుతా," అన్నాడాయన.

ఇంట్లో నెట్ పరిచి, కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టింది సూదత్త.

"నాకు ఎప్పటికీ తెలియదనుకున్నావుటే?"

"మనిల్లంతా అదే వాసన కదమ్మా. కనిపెట్టలేవనుకున్నా."

ఎత్తిన చెయ్యి సూదత్త దించేసింది. "సొల్యూషన్ డబ్బా ఇక కొట్లోనే, తాళంలో. కుట్టుకు నిలిచే చెప్పులన్నీ అతికించకుండా కుట్టే ఇస్తా. నువ్వు బడి కాగానే వాలీబాల్ కోర్టుకి, అక్కణ్ణుంచి నా దగ్గరికి. ఎవత్తె పిలిచినా సరే!"

"పిలిస్తే ఏం చెప్పను?"

"మా అమ్మ చంపేస్తుందని చెప్పు. అబద్ధం కాదుగా!"

పిల్ల నవ్వబోయి ఏడ్చేసింది. "ముడి జారుతోంది, బిగించు," అంది తల్లి కసిరి. తెగిన గళ్ళు ఒక్కొక్కటే కలిపి, నైలాను దారంతో అంచు రెండు వరసలు కుట్టారు.

మర్నాడు బడిలో టీచరమ్మ నెట్ ఒక కొస పట్టుకు గుంజి చూసింది. ఒక్క కుట్టూ సాగలేదు. సూదత్త రెండో కొస ఆమె చేతికిచ్చి, కొట్టు తెరవడానికి వెళ్ళింది.